వాన సెలవు రోజు పిల్లలెక్కడ?

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



‘బడి - పరిశ్రమ’ అనే అంశం మీద మాట్లాడమని సంఘం వారు నన్ను అడిగారు. ముప్పై ఏళ్లుగా ఫ్యాక్టరీల్లో ఇంజినీరుగా ఉన్నాను కాబట్టి కొత్త యంత్రాల గురించో, ఉద్యోగాల గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను మాత్రం బడి లేని రోజు గురించి మాట్లాడతాను. పండగ సెలవుల గురించి కాదు, వేసవి సెలవుల గురించీ కాదు. వాన కారణంగా ఉన్నట్టుండి ఇచ్చే సెలవు గురించి.

మన ప్రాంతంలో వాన సెలవా అని నవ్వుకోవచ్చు. అనంతపురం సీమలో ఏడాది మొత్తం పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. చినుకు పడితే పండగ చేసుకునే నేల మనది. కానీ ఆ కాస్త వానలోనూ పెద్ద భాగం సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో పడుతుంది. కొన్నిసార్లు నెల వాన ఒక్క రాత్రిలో కురుస్తుంది. ఏళ్ల తరబడి ఇసుక తప్ప ఏమీ కనిపించని వంకలు తెల్లారేసరికి రోడ్డు మీదికి వస్తాయి. 2021 నవంబర్ 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి ప్రవాహంలో చిక్కుకున్న పది మందిని వాయుసేన హెలికాప్టర్ వచ్చి కాపాడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పెద్దవాళ్లే బయటపడలేని నీళ్లవి. అలాంటి రోజున పిల్లల్ని బడికి రమ్మనడం ఎవరికీ ధర్మం కాదు. కాబట్టి వాన సెలవు ఎందుకిస్తున్నారని నేను అడగడం లేదు. సెలవిచ్చాక ఆ పిల్లలు ఎక్కడుంటున్నారని అడుగుతున్నాను.

ముందు నా సంగతే చెబుతాను.

నేను ఆరో తరగతిలో ఉండగా మా నాన్న లారీ డ్రైవరు. వారానికి ఒకసారి ఇంటికొస్తే గొప్ప. మా అమ్మ హిందూపురంలో పట్టుగూళ్ల నుంచి దారం తీసే ఒక యూనిట్‌లో పనిచేసేది. ఆ పని తెలిసినవాళ్లు ఈ సభలో చాలామందే ఉన్నారు. గూడు కోశాక కొద్ది రోజుల్లోనే వేడికి గురిచేయాలి, లేకపోతే లోపలున్న పురుగు చిలుకై గూటికి తూటు పెట్టుకుని బయటికొస్తుంది. తూటు పడిన గూటి నుంచి తెగకుండా దారం రాదు. అందుకే వాన పడినా, వరద వచ్చినా పొయ్యి ఆరకూడదు. మా అమ్మకు వాన సెలవు లేదు. రోజూ మమ్మల్ని బడికి తయారుచేసి, మాకంటే ముందే ఇల్లు వదిలేది.

ఆ రోజుల్లో ఫోన్లు లేవు, మెసేజ్‌లు లేవు. తడుచుకుంటూ బడికి పోతే గేటు దగ్గర అటెండరు, ‘సెలవు, ఇండ్లకు పోండి’ అనేవాడు. అక్టోబర్‌లో ఒక రోజు అలాగే వెనక్కి వచ్చాను. మా చెల్లెలు పక్క వీధి ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి. దానికీ సెలవే. ఇద్దరం ఇంట్లో ఉన్నాం. ఇంతలో నా స్నేహితులు ఊరి బయట చెరువు మరువ పారుతోందని పిలిచారు. మన ఊళ్లో మరువ పారడం ఎన్నేళ్లకోసారి చూస్తాం? చెల్లెల్ని ఇంట్లో ఉండమని చెప్పి నేను పోయాను.

తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. చెల్లెలు లేదు. ఉరుముకు భయపడి అమ్మను వెతుక్కుంటూ ఒక్కతే బయలుదేరింది. నడుమ ఒక వీధిలో మోకాళ్లలోతు నీళ్లు పారుతున్నాయి. ఆ నీళ్లలో నిలబడి ఏడుస్తున్న పిల్లను సైకిల్ మీద పోతున్న ఒకాయన ఎత్తుకుని, అది చెప్పిన గుర్తులు పట్టుకుని యూనిట్ దగ్గరికి చేర్చాడు. ఆయనెవరో మాకు ఈ రోజుకీ తెలియదు.

నేను పరుగెత్తుకుంటూ యూనిట్‌కు పోయాను. ఆ పూటకు నా వీపు మోగుతుందనుకున్నాను. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. వేడినీళ్లలో నాని తెల్లబడిన చేతులతో చెల్లెలి తల తుడుస్తోంది. మేస్త్రీ రెండు గోనెసంచులు తెచ్చి, పొయ్యికి దూరంగా గోడవారన పరిచి, ‘ఈడ కూర్చోండప్పా, లేచి తిరగొద్దండి’ అన్నాడు. ఉడికిన గూళ్ల వాసన మధ్య సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాం. ఆ తరువాత వాన సెలవు వచ్చినప్పుడల్లా మేం నేరుగా అక్కడికే పోయేవాళ్లం. మేస్త్రీ ఎప్పుడూ కాదనలేదు. వేలిముద్ర వేసే మనిషి.

ఇప్పుడు రెండో సంగతి. ఇది చెప్పడానికి నాకు కష్టంగా ఉంది. కానీ ఇది మన బడి కాబట్టి చెప్పుకోవచ్చు.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు బాధ్యత నాది. షిఫ్టు ఆరింటికి మొదలు. పల్లెల నుంచి కార్మికుల్ని తెచ్చే బస్సు నాలుగున్నరకే బయలుదేరుతుంది. ఒక వానరోజు పొద్దున ఒకామె ఎనిమిదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. సెక్యూరిటీ వాళ్లు నన్ను పిలిచారు.

‘బడి లేదంట సార్. రాత్రి తెలిసింది. ఇంట్లో ఎవరూ లేరు. పాపను యాడ ఇడిసి వచ్చేది?’ అంది.

పిల్లల్ని లోపలికి రానివ్వకూడదనేది నిబంధన. యంత్రాలున్న చోట అది సరైన నిబంధనే. అదే మాట చెప్పాను. ఆమె మారుమాట్లాడకుండా కూతురి చెయ్యి పట్టుకుని వెనక్కి పోయింది. ఆ రోజు కూలి పోయింది. నెలలో ఒక్క రోజు రాకపోయినా అటెండెన్స్ బోనస్ పోతుంది కాబట్టి అదీ పోయింది.

మూడు నాలుగు వారాలకు మళ్లీ వాన, మళ్లీ సెలవు. ఈసారి ఆమె ఒక్కతే వచ్చి లైన్లో నిలబడింది. మధ్యాహ్నం భోజనాల వేళ కనిపిస్తే, పాప ఎక్కడుందని అడిగాను.

‘ఇంట్లో పెట్టి బీగం ఏసి వచ్చినా సార్’ అంది.

ఎనిమిదేళ్ల పిల్ల, తాళం వేసిన ఇంట్లో, ఉరుముల వానలో, దాదాపు పది గంటలు. ఆ తాళం వేసింది ఆమె చెయ్యే అయినా, వేయమని చెప్పింది మొదటి రోజు గేటు దగ్గర నేను. వెంటనే ఆమెను ఇంటికి పంపించాను. పాప క్షేమంగానే ఉంది. అయినా నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గోనెసంచి పరిచిన మేస్త్రీ పదే పదే గుర్తొచ్చాడు. ఆయనకు తోచిన పని ఇంత చదివిన నాకు ఎందుకు తోచలేదు?

అప్పటి నుంచి ఈ విషయాన్ని నా వృత్తి నేర్పిన పద్ధతిలో చూడటం మొదలుపెట్టాను. పంప్‌హౌస్ కట్టేటప్పుడు నడిచే పంపు పక్కన ఇంకో పంపు పెడతాం. మొదటిది ఆగితే రెండోది అందుకోవాలి. దాన్ని స్టాండ్‌బై అంటాం. ఒక ఇంట్లో అమ్మ, నాన్న ఇద్దరూ పనికి పోగలుగుతున్నారంటే పగలంతా పిల్లల్ని చూసుకునే వ్యవస్థ ఒకటి నడుస్తోందన్న మాట. ఆ వ్యవస్థ పేరు బడి. మనం దాన్ని చదువు చెప్పే చోటుగానే చూస్తాం. తల్లిదండ్రులకు అది బిడ్డ భద్రంగా ఉండే చోటు, వేళకు అన్నం దొరికే చోటు కూడా. అది ఆగిన రోజు అందుకునే స్టాండ్‌బై చాలా ఇళ్లలో లేదు.

మన మూడు ఊళ్లనే తీసుకుందాం. నేను పుట్టింది హిందూపురం, మా అత్తగారిది ధర్మవరం, ఉద్యోగం పెనుకొండ వైపు. ఈ మూడూ ఒకే రైలు దారి మీది ఊళ్లు. వాన సెలవు మాత్రం ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది.

హిందూపురం చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. చాలా చోట్ల ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి. సెలవు మెసేజ్ ఉదయం ఏడున్నరకు వస్తే అది పెట్టెలో ఉన్న ఫోన్‌కు వస్తుంది. తల్లి కుట్టు మిషన్ ముందు ఉంటుంది. పిల్ల బడి దాకా పోయి తిరిగి వస్తుంది. ఆ సంగతి తల్లికి సాయంత్రం దాకా తెలియదు.

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలూ వచ్చాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్ర దంపతులు అద్దె ఇళ్లలో ఉంటున్నారు. అవ్వాతాతలు ఊళ్లో, వీళ్లిక్కడ. అసెంబ్లీ లైన్ ఒక మనిషి కోసం ఆగదు. పొద్దున్నే మెసేజ్ చూసి, ఈ రోజు ఎవరు మానుకోవాలని భార్యాభర్తలు వాదించుకుంటారు. చాలా ఇళ్లలో మానుకునేది తల్లే.

ధర్మవరంలో అయితే నేతగాళ్లు ఇంట్లోనే ఉంటారు కదా, వాళ్లకేం ఇబ్బంది అనుకుంటాం. కరోనా కాలంలో మనమంతా ఇంటి నుంచి పని అంటూ కొత్తగా నేర్చుకున్నది వాళ్లు తరతరాలుగా చేస్తున్నదే. కానీ వాన వస్తే గుంతమగ్గంలో నీళ్లూరుతాయి. తేమకు పట్టు పోగు మెత్తబడి తెగుతుంది. మగ్గం ఆగుతుంది. నేతకు కూలి చీర లెక్కన కాబట్టి ఆగిన రోజుకు పైసా రాదు. వాన వెలిశాక పోయిన రోజుల పని అందుకోవాలి. అప్పుడు ఇంట్లో ఉన్న పిల్లల చేతికి కండెలు వస్తాయి. మా మామగారు అనేవారు, ‘బడి ఉన్న రోజు వాడు మీ పిల్లోడు, బడి లేని రోజు వాడు మగ్గం పిల్లోడు’ అని. ఒకటి రెండు రోజులు కండె చుట్టిన పిల్లవాడు తిరిగి బడికొస్తాడు. వారం చుట్టిన పిల్లవాడి గురించి ఏం జరుగుతుందో ఇక్కడున్న ఉపాధ్యాయులకు నాకంటే బాగా తెలుసు.

ఇక అన్నం సంగతి. మన రాష్ట్రంలో సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనం 2003లో మొదలైంది. ఇప్పుడు దాన్ని డొక్కా సీతమ్మ పేరుతో పెడుతున్నారు. వారంలో కొన్ని రోజులు గుడ్డు, చిక్కీ, రాగిజావ కూడా ఉంటాయి. బడి మూసిన రోజు పొయ్యి వెలగదు. పోయిన పాఠాన్ని రెండో శనివారమో ఆదివారమో బడి పెట్టి పూడ్చవచ్చు. పోయిన ముద్దను ఏ ఆదివారం పూడుస్తుంది?

చట్టం ఏమంటోందో కూడా చూశాను. ముప్పై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్ల లోపు పిల్లలకు ఒక గది ఉండాలని ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. యాభై మంది పనిచేసే సంస్థల్లో క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ చెప్పింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు హక్కని 2009 చట్టం చెప్పింది. అంటే ఆరేళ్ల దాకా క్రెష్, ఆ తరువాత బడి. మరి బడి లేని రోజున ఏడేళ్ల పిల్ల ఎక్కడుండాలి? ఫ్యాక్టరీ గేటు దగ్గర నన్ను ఆమె అడిగిన ప్రశ్న ఇదే.

అమెరికాలో స్థిరపడిన మా బ్యాచ్ మిత్రుడితో ఈ మాట అంటే, అక్కడ మంచు కురిసిన రోజు ఇదే అవస్థ అన్నాడు. తెల్లవారుజామున ఐదింటికి బడి నుంచి ఫోన్ వస్తుందట, ఆ వెంటనే ఇంట్లో ఎవరి మీటింగ్ ముఖ్యమన్న చర్చ మొదలవుతుందట. ‘మాకు లాప్‌టాప్ ఉంది కాబట్టి గడిచిపోతుంది. మా వీధి చివర అంగట్లో పనిచేసే ఆమెకు గడవదు’ అన్నాడు. వానైనా మంచైనా, బరువు చివరికి గంట కూలి, రోజు కూలి వాళ్ల మీదే పడుతోంది.

ఉపాధ్యాయులు తమ మనసులో ఏమనుకుంటున్నారో ఊహించగలను. మీరూ ఉద్యోగం చేసే తల్లిదండ్రులే. మీలో కొందరు ఎక్కడెక్కడి నుంచో బస్సెక్కి వస్తారు. సగం దారిలో సెలవని తెలుస్తుంది. ఆ సెలవుకు బదులు ఆదివారం బడి పెడితే, ఆ రోజు మీ పిల్లల్ని ఎవరు చూడాలన్నది మీ ఇంటి ప్రశ్న. కాబట్టి నేను చెప్పబోయేది మీ నెత్తిన ఇంకో పని పెట్టడానికి కాదు. ఇది పూర్వ విద్యార్థులు చేయాల్సిన పని.

నా ప్రతిపాదన చిన్నది. వాన సెలవు పాఠాలకు ఉండనివ్వండి. బడిలో రెండు గదులు మాత్రం తెరిచి ఉంచుదాం. వరద వచ్చినప్పుడు ఇళ్లు మునిగినవాళ్లను అధికారులు తీసుకొచ్చి ఉంచేది బడి భవనాల్లోనే. కుటుంబాలకు కుటుంబాలే తలదాచుకునే చోట పాతిక మంది పిల్లలు ఒక పగలు కూర్చోలేరా?

ఎలా చేయాలో కూడా ఆలోచించాను. ప్రధానోపాధ్యాయుల ద్వారా విద్యాశాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి, అది లేకుండా తలుపు తీయకూడదు. వంక గానీ కల్వర్టు గానీ దాటకుండా నడిచి రాగల పిల్లల పేర్లే ముందుగా రాసుకోవాలి. నీళ్లు దాటి రావాల్సిన పిల్లవాడు ఇంటి దగ్గరే ఉండాలి, అందులో రాజీ లేదు. గదిలో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, ఒకరు తప్పనిసరిగా ఆడవాళ్లు. పిల్లల్ని ఎవరికి అప్పగించాలో రిజిస్టర్‌లో తల్లి రాసిన పేరుకే అప్పగించాలి. వానాకాలానికి ముందు ఆ రెండు గదుల పైకప్పు, కరెంటు వైరింగు చూసి సంతకం పెట్టే పని నాది. మధ్యాహ్న భోజనం బియ్యం ముట్టుకోవద్దు, దానికి లెక్కలుంటాయి. వంట చేసే అక్కలకు మన సంఘమే కూలి ఇచ్చి, మన ఖర్చుతో చిత్రాన్నమో ఉప్మానో చేయిద్దాం.

ఇంకో రెండు విన్నపాలు. వాతావరణ శాఖ హెచ్చరిక ముందు రోజే ఉన్నప్పుడు సెలవు మాట కూడా ముందు రోజు సాయంత్రమే చెప్పాలని జిల్లా అధికారులను కలిసి అడుగుదాం. మన పూర్వ విద్యార్థుల్లో యూనిట్లు నడిపేవాళ్లు, మేనేజర్లు ఉన్నారు. ప్రకటించిన వాన సెలవు రోజున పిల్లల కోసం ఆగిపోయిన తల్లికి ఆ నెల అటెండెన్స్ బోనస్ కోయొద్దు. మా దగ్గర ఈ మార్పు తేవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. దాని వల్ల ఉత్పత్తేమీ పడిపోలేదు.

ఏదైనా జరగరానిది జరిగితే ఎవరిది బాధ్యత అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ప్రమాదం గది తెరిస్తే కొత్తగా పుట్టేది కాదు. తాళం వేసిన ఇంట్లో, మరువ పారే చెరువు గట్టు మీద అది ఇప్పటికే ఉంది. అక్కడ బాధ్యత అంతా ఆ తల్లి ఒక్కదానిదే. దాన్ని కొంత మనం పంచుకుందామంటున్నాను.

స్వర్ణోత్సవ నిధితో బడి ముందు ఆర్చ్ కట్టాలని సంఘం అనుకుంటోంది. నేనూ చందా ఇచ్చాను. ఆర్చ్ వద్దనను, కట్టుకుందాం. అందులో పదో వంతు మాత్రం ఈ రెండు గదులకు పక్కన పెట్టమని అధ్యక్షులవారిని కోరుతున్నాను. ఏడాదికి వాన సెలవులు నాలుగో ఐదో ఉంటాయి. ఈ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా నడిపి చూద్దాం. ఎంతమంది పిల్లలు వచ్చారో, ఎంత ఖర్చయిందో లెక్కలు సంఘం ముందు పెడతాను. పనికిరాదని తేలితే ఆపేద్దాం.

మా అమ్మకు ఇప్పుడు డెబ్భై ఎనిమిది. చెవి సరిగా వినపడదు గానీ వాన పడితే తెలుస్తుంది. ‘పిల్లోళ్లకు బడి ఉందా?’ అని అడుగుతుంది. మా ఇంట్లో బడికి పోయే పిల్లలు లేరు, నా కొడుకే ఉద్యోగానికి పోతున్నాడు. అయినా అడుగుతుంది. వచ్చే వానాకాలం ఆమె అడిగినప్పుడు, పాఠాలు లేవు గానీ గదులు తెరిచే ఉన్నాయని చెప్పాలని నా కోరిక.

సభ వెనక, పుస్తకాలమ్ముతున్న బల్ల పక్కన ఒక నోట్‌బుక్ పెట్టాను. వాన సెలవు రోజున ఒక పూట వచ్చి కూర్చోగలవాళ్లు పేరు, ఫోన్ నంబర్ రాయండి. రిటైరైనవాళ్లు, ఊళ్లోనే ఉంటున్నవాళ్లు ముందు రాయండి. మొదటి పేరు నాది, రెండో పేరు మా చెల్లెలిది.

సెలవు.